బదులు పలికిన గిటార్

ఈ ఉదయం లానీ జాన్సన్ అనే గిటార్ కళాకారుణ్ణి తలుచుకుందాం. న్యూ ఆర్లీన్స్‌లో పుట్టిన నల్లజాతీయుడు. కుర్రతనంలో ఓ పర్యటన నుంచి ఇంటికొచ్చేసరికి ఫ్లూ మహమ్మారి కుటుంబాన్ని మింగేసింది. తోబుట్టువు ఒక్కడే మిగిలాడు.

1925లో సెయింట్ లూయిస్‌లో బ్లూస్ పోటీ గెలిచి రికార్డింగుల్లోకి వచ్చాడు. 1927 డిసెంబరులో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ బృందం తమ రికార్డులకు ఆయన్ని పిలిపించుకుంది. వీలైతే ‘హాటర్ దాన్ దట్’ వినండి. ఆర్మ్‌స్ట్రాంగ్ మాటల్లేకుండా గొంతుతో ఒక పలుకు విసురుతాడు, గిటార్ దాన్ని అందుకుని బదులిస్తుంది. ఎన్నిసార్లు విన్నా నాకు ఒళ్లు పులకరిస్తుంది. మరుసటి ఏడాది డ్యూక్ ఎల్లింగ్టన్ బృందంతోనూ వాయించాడు.

తెల్లవాడైన ఎడ్డీ లాంగ్‌తో అద్భుతమైన జంట వాద్యాలు చేశాడు. వర్ణభేదం రాజ్యమేలిన ఆ రోజుల్లో లేబుల్ మీద లాంగ్ పేరును బ్లైండ్ విల్లీ డన్‌గా మార్చి వేశారు. తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

1959 నాటికి జాన్సన్ సంగీతానికి దూరమై, ఫిలడెల్ఫియాలో ఓ హోటల్లో ఊడ్చి తుడిచే పనిలో ఉన్నాడు. ఆయన్ని వెతికి పట్టుకున్నది క్రిస్ ఆల్బర్ట్‌సన్ అనే రేడియో మనిషి. మరుసటి ఏడాదే కొత్త ఆల్బమ్ వచ్చింది.