అడగని ప్రశ్న

హాస్టల్లో ఉన్న రోజుల్లో మా పక్క గది అమ్మాయి గురించి ఒక మాట పుట్టింది. దాన్ని నేను పుట్టించలేదు. ఇంకొకరికి మోయలేదు. నమ్మాను, అంతే. ఆమెతో మాట్లాడటం తగ్గించాను. అందులో నా తప్పేమీ లేదని చాలా ఏళ్ళు అనుకున్నాను. ఆమధ్య సాయి పరాంజపే ‘చష్మే బద్దూర్’ (1981)ని మా విద్యార్థినులతో కలిసి మళ్ళీ చూశాక అలా అనుకోలేకపోతున్నాను.

ఢిల్లీలో ఒకే గదిలో ఉండే ముగ్గురు కుర్రాళ్ళ కథ అది. నేహా దగ్గర భంగపడి వచ్చిన ఇద్దరు, ఆమె తమ వలలో పడిందని కోతలు కోస్తారు. మూడోవాడు సిద్ధార్థ ఆమెను నిజంగానే ప్రేమిస్తే, అవే కోతలతో అతని మనసు విరిచేస్తారు. అతను కుమిలిపోతాడే గానీ నేహా దగ్గర కూర్చుని “నీ గురించి ఇలా అంటున్నారు” అని చెప్పడు. అబద్ధమాడిన వాళ్ళకు చివరికి చీవాట్లు పడతాయి. నమ్మినవాడికి మాత్రం అమ్మాయి దక్కుతుంది. నమ్మడం నేరం కాదా?

“అడిగితే కథ అక్కడే అయిపోదూ!” అనవచ్చు. నిజమే, అపార్థం మీదే హాస్యం నడుస్తుంది. నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో చదివి, రేడియోలో, దూరదర్శన్‌లో పనిచేసి, మరాఠీలో నాటకాలు రాసి ఆడించిన మనిషికి ఆ కిటుకు ఒకరు చెప్పాలా? కానీ ఆ కిటుకు మన దగ్గర ఎందుకు పారింది? అతను అడగకపోవడం మనకు వింతగా తోచలేదు కాబట్టి.

‘స్పర్శ్’లో అబద్ధాలాడేవాళ్ళు లేరు. అంధుల పాఠశాల ప్రిన్సిపాల్ అనిరుద్ధ్‌కు జాలి అంటే గిట్టదు. కాఫీ అందించడంలో కవిత చెయ్యి సాయం వస్తేనే చిరాకు పడతాడు. భర్తను పోగొట్టుకున్న ఆమె, తన జీవితంలోని వెలితి పూడ్చుకోవడానికి త్యాగంలా ఈ పెళ్ళికి ఒప్పుకుందని అతనికి అనుమానం వస్తుంది. కారణం చెప్పకుండానే పెళ్ళి వద్దంటాడు. అతని ఆత్మగౌరవం మనకు అర్థమవుతుంది. కానీ ఆమె మనసులో ఏముందో తేల్చింది కూడా అతనే.

ఎస్.జి. సాఠే మరాఠీ నాటకం ఆధారంగా తీసిన ‘కథ’ (1983)లో ఇది తలకిందులవుతుంది. ముంబై చాల్‌లోకి వచ్చిన బాషు తన గురించి ఏం చెప్పుకుంటే అది అందరూ నమ్ముతారు. మగవాడు తన గొప్ప చెప్పుకున్నా, ఆడదాని గుణం గురించి చెప్పినా, ఆ మాటకు సాక్ష్యం అక్కర్లేదన్నమాట. ఈ మూడు సినిమాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, సాయి నవ్వు మనం అనుకున్నంత తేలికైనది కాదనిపిస్తుంది. ఆమె ఎవరినీ బోనులో నిలబెట్టదు. అడగకుండా వదిలేసిన చోటును మాత్రం మనకు కనిపించేలా ఉంచుతుంది.

ఇదే క్లాసులో చెబితే ఒకమ్మాయి లేచి, “అడిగితే మాత్రం నేహా ఎందుకు జవాబు చెప్పాలి మేడమ్? తన గుణానికి తనే సంజాయిషీ ఇచ్చుకోవాలా?” అంది. నాకు వెంటనే మాట తోచలేదు. “నిజమేనా?” అని అడిగేవాడు న్యాయమూర్తి అయిపోతాడు. సీత కథ విన్న మనకు ఆ ప్రశ్న ఎక్కడిదాకా పోతుందో తెలియనిది కాదు.

అయితే “నిజమేనా?” అని నిలదీయడం వేరు, “నీ గురించి ఇలా అనుకుంటున్నారు” అని చెప్పడం వేరు. చెబితే జవాబివ్వాలో, నవ్వి ఊరుకోవాలో, తలుపు మొహాన వేయాలో ఆమె ఇష్టం. చెప్పకపోతే తన కథలో తనకే చోటుండదు. నా పక్క గది అమ్మాయి దగ్గర నేను లాక్కున్నది అదే. ఒక్క అబద్ధం కూడా ఆడకుండానే లాక్కున్నాను.