పాడించే పాటను వెదకుదము

వాక్యభాగములు: కీర్తన 137, కొలొస్సయులకు 3:16



క్రిస్మస్ సమీపించినదంటే క్రొత్త పాటలు వెల్లువగా వస్తాయి. ఒకప్పుడు గ్రామఫోను రికార్డు, తరువాత క్యాసెట్, ఆ తరువాత సి.డి. ఇప్పుడైతే లోకములోని పాటలన్నీ పిల్లల చేతిలోని ఫోనులోనే ఉన్నాయి. దూరదేశములలో స్థిరపడిన మన సంఘముల తల్లిదండ్రులు తరచుగా అడిగే మాట ఒకటున్నది. "అయ్యగారూ, మా పిల్లలు పాప్ అంటారు, సోల్ అంటారు. రోజంతా వింటూనే ఉంటారు. ఆరాధనలో కీర్తన ఎత్తితే మాత్రం నోరు మెదపరు. ఏమి చేయమంటారు?"

"ఆ పాటలు మాన్పించండి" అని చెప్పుట సులభము. "కాలము మారిపోయినది" అని ఊరకుండుట అంతకంటె సులభము. అపొస్తలుడైన పౌలు ఈ రెండింటిలో ఏదియు చెప్పలేదు. సమస్తమును పరీక్షించి, అందులో మేలైనదానిని పట్టుకొనవలెనని థెస్సలొనీకయులకు బోధించాడు (1 థెస్స. 5:21). కనుక ఈ పాటలను మనమును పరీక్షిద్దాము. అవి ఎక్కడ పుట్టాయో తెలిసికొంటే మనలో చాలామందికి ఆశ్చర్యము కలుగుతుంది.

ముందుగా మన తీరము సంగతి చెప్పాలి. యానాం ప్రక్కనే కోరంగి రేవు ఉన్నది. 19వ శతాబ్దములో మనవారు ఈ ప్రాంతమునుండి రంగూనుకు, మారిషసుకు కూలిపనికై ఓడలెక్కారు. బర్మాలో తెలుగువారిని కోరంగీలని పిలుచుట ఈ రేవు పేరు మీదనే. దానికి ముందు, 18వ శతాబ్దము చివరి కాలమున, ఈ తీరమునుండి మనుష్యులను బానిసలుగా కొని ఫ్రెంచివారి ద్వీపములకు తీసికొనిపోయిన చరిత్ర కూడా ఉన్నది. వారు ఇంటినుండి ఏమి తీసికొని వెళ్లగలిగారు? ఇల్లు రాదు, పొలము రాదు, గోదావరి రాదు. నోటనున్న పాట ఒక్కటే వచ్చింది.

137వ కీర్తనలో బబులోను నదుల యొద్ద కూర్చున్న యూదుల స్థితి ఇదే. చెరపట్టినవారు తమను సంతోషపెట్టుటకు ఒక పాట పాడమని అడిగారు. వారు సితారాలను చెట్లకు తగిలించి, అన్యదేశములో ప్రభువు పాట ఎట్లు పాడగలమని ఏడ్చారు. పరదేశములో ఉన్నవారు ప్రతి తరమందును ఎదుర్కొనవలసిన ప్రశ్న ఇది. దానికి మన బాప్టిస్టు చరిత్రలోనే ఒక జవాబున్నది. 1903లో నెల్లూరు ప్రాంతమునుండి జాన్ రంగయ్యగారు దక్షిణాఫ్రికాలోని నాటాలుకు వెళ్లి, కియర్స్‌నీ తేయాకు తోటలో పనిచేస్తున్న తెలుగువారి మధ్య సంఘమును స్థాపించారు. తోటకూలీలు అన్యదేశములో ప్రభువు పాటను పాడగలమని ఋజువు చేశారు.

అమెరికాలోని నల్లజాతివారి జవాబు కూడా అదే. వారి పితరులు బానిస ఓడలలో వచ్చినవారు. ప్రత్తిచేలలో కొరడా దెబ్బల మధ్య వారు పాడుకొన్న ఆత్మీయ గీతములే ఈనాటి పాశ్చాత్య సంగీతములో చాలా భాగమునకు మూలము. సోల్ అనే మాటకు అర్థమే ఆత్మ, ప్రాణము. ఆ సంగీతము తొలుత వినబడినది రేడియో స్టేషనులో కాదు, వారి చర్చీల బల్లల మధ్యను. అందులో బాప్టిస్టు సంఘముల పాత్ర చాలా పెద్దది.

థామస్ డోర్సీ 1899లో జార్జియాలో ఒక బాప్టిస్టు బోధకుని ఇంట పుట్టాడు. యౌవనములో బ్లూస్ పాటలకు పియానో వాయించి పేరు సంపాదించాడు. 1932లో అతడు పొరుగూరిలో పాడుచుండగా భార్య ప్రసవములో మరణించినది. పుట్టిన బిడ్డ కూడా దక్కలేదు. ఆ దుఃఖములో, తన చేయి పట్టుకొని నడిపించమని ప్రభువును వేడుకొంటూ అతడు వ్రాసిన పాట నేటికిని సమాధుల యొద్దను ఆరాధనలలోను పాడుచున్నారు. అనేక సంవత్సరములు అతడు చికాగోలోని పిల్‌గ్రిమ్ బాప్టిస్టు సంఘములో క్వయిర్ నడిపించాడు.

బాప్టిస్టు సంఘములోనే పెరిగిన మహేలియా జాక్సన్ అనే సహోదరి, ఎంత ధనము చూపినను నైట్ క్లబ్బులలో పాడుటకు అంగీకరించలేదు. 1962లో వచ్చిన ఆమె క్రిస్మస్ రికార్డు ఈనాటికిని వినదగినది. 1818లో ఆస్ట్రియాలోని ఒక చిన్న పల్లెలో గిటారు మీద మొదట పాడిన 'సైలెంట్ నైట్'ను ఆమె స్వరములో వినండి. ఆమె తొందరపడదు. ఒక్కొక్క మాట ప్రార్థనవలె వస్తుంది.

సోల్ సంగీతమునకు రాణి అని పేరు పొందిన అరేథా ఫ్రాంక్లిన్, డెట్రాయిట్‌లోని న్యూ బెతేల్ బాప్టిస్టు సంఘ కాపరి కుమార్తె. కీర్తి శిఖరముననున్న రోజులలో, 1972 జనవరిలో, ఆమె లాస్ ఏంజెలెస్‌లోని ఒక బాప్టిస్టు చర్చిలో రెండు రాత్రులు ఆరాధన గీతములు పాడినది. 'అమేజింగ్ గ్రేస్' అనే ఆ రికార్డు వెలువడినది అదే ఏట. అప్పుడు తీసిన చిత్రము మాత్రము ఆమె మరణించిన 2018లోనే లోకమునకు వచ్చినది. మీ పిల్లలతో కలిసి దానిని చూడండి. కూర్చున్నవారు ప్రేక్షకులుగా కూర్చోలేదు. వారు లేస్తారు, ఏడుస్తారు, జవాబు పలుకుతారు. పాడేది ఒక్కరే గాని ఆరాధించేది సంఘమంతా.

విట్నీ హ్యూస్టన్ కూడా న్యూఆర్క్‌లోని న్యూ హోప్ బాప్టిస్టు చర్చి క్వయిర్‌లో పెరిగిన బిడ్డయే. ఆమె భక్తిగీతములను కూర్చి 2023లో ఒక క్రొత్త ఆల్బము విడుదల చేశారు. క్వయిర్‌తో కలిసి పాడేటప్పుడు ఆ స్వరములోని ఆనందము వేరు. ఆమె జీవితములోని వేదన లోకమెరిగినదే. 2012లో 48 ఏండ్లకే కన్నుమూసినది. ఆమెను సాగనంపిన ఆరాధన జరిగినది చిన్ననాడు పాడిన ఆ చర్చిలోనే. మంచి స్వరము దేవుని వరము. అయితే వరము వేరు, నెమ్మది వేరు అని మన యౌవనస్థులకు ప్రేమతో చెప్పవలెను.

ఇక పరీక్షకు వద్దాము. ఉపాధ్యాయ శిక్షణలో నేర్చుకొన్నవాడను గనుక మూడు ప్రశ్నలుగా చెప్తాను. పిల్లలను కూర్చోబెట్టి వారిచేతనే జవాబులు చెప్పించండి.

మొదటి ప్రశ్న: ఈ పాట ఎవరిని గూర్చినది? మరియా కేరీ 1994లో ఒక క్రిస్మస్ ఆల్బము విడుదల చేసినది. అందులో ప్రియుని కోరుకొనే పాట ఒకటి ఉన్నది. ప్రతి డిసెంబరులో దుకాణములన్నిటిలో మ్రోగేది అదే. వచ్చిన 25 ఏండ్లకు, 2019లో, అది అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానమునకు చేరినది. వినుటకు హుషారైన పాట; అందులో చెడ్డమాట లేదు. కాని బేత్లెహేము కూడా లేదు. అదే ఆల్బములో, అదే గొంతులో, 'ఓ హోలీ నైట్' ఉన్నది. రెండును వరుసగా వినిపించి తేడా ఏమిటో పిల్లలను అడగండి. వారే చెప్తారు.

రెండవ ప్రశ్న: ఈ పాటలో పొరుగువాడు ఉన్నాడా? ఆ 'ఓ హోలీ నైట్' పుట్టినది మన యానాంను ఏలిన ఫ్రెంచివారి దేశములోనే. ఒక ద్రాక్షారసపు వర్తకుడు పదములు వ్రాయగా, నాటకశాలలకు సంగీతము కూర్చే అడాల్ఫ్ ఆడమ్ 1847లో బాణీ కట్టాడు. ఇటువంటివారి పాట చర్చికి తగదని కొందరు మతపెద్దలు ఆక్షేపించారు. 1855లో ఒక అమెరికావాసి దానిని ఇంగ్లీషులోనికి తెచ్చినప్పుడు, క్రీస్తు సంకెళ్లు తెంచుననియు, బానిస మనకు సహోదరుడనియు ఒక చరణములో చాటాడు. అప్పటికి అమెరికాలో బానిసత్వము ఇంకా చట్టబద్ధమే. చాలామంది గాయకులు ఆ చరణమును వదిలివేస్తారు. మీరు మాత్రము వదలవద్దు. ఈ రేవులనుండి బానిసలుగా పోయిన మనవారిని తలంచుకొని ఆ చరణమును పాడండి. న్యాయము లేని చోట పాటల ధ్వని తనకు వద్దని దేవుడు ఆమోసు ద్వారా చెప్పలేదా (ఆమోసు 5:23, 24)?

ఈ ప్రశ్నకు నిలిచే పాటలు చర్చి వెలుపల కూడా ఉన్నాయి. స్టీవీ వండర్ 1966లో పాడిన 'సమ్‌డే ఎట్ క్రిస్మస్' యుద్ధములు లేని, ఆకలి లేని దినమును కోరుకొనే పాట. ఆ దినమును తెచ్చువాడెవరో చెప్పే పని మనది.

మూడవ ప్రశ్న: విన్న తరువాత మన నోట పాట పుట్టినదా? నా దృష్టిలో ఇదే అసలు ప్రశ్న. లూకా సువార్త మొదటి రెండు అధ్యాయములలో నాలుగు పాటలున్నాయి: మరియ పాట, జెకర్యా పాట, దూతల పాట, సుమెయోను పాట. అక్కడ ఊరకే విని వెళ్లినవారు లేరు. దూతల పాట విన్న గొఱ్ఱెల కాపరులు సహితము తిరిగి వెళ్లేటప్పుడు దేవుని స్తుతిస్తూనే వెళ్లారు (లూకా 2:20). పద్యము వింటే రాదు, వల్లిస్తేనే వస్తుందని ప్రతి బడిపంతులుకు తెలుసు. పాటకు కూడా అదే సూత్రము.

ఇప్పుడు మన చర్చీలలో స్పీకర్లు పెరిగాయి, ట్రాక్ సంగీతము వచ్చినది. నలుగురు మైకులు పట్టుకొంటే మిగిలినవారు చేతులు కట్టుకొని నిలుచుంటున్నారు. పిల్లలకు తెలుగు చదువుట రాదు. పెద్దలకు ఆ క్రొత్త పాటలు రావు. ఒకే బల్లమీద కూర్చున్న తాతకు మనవరాలికి కలిసి పాడుటకు ఒక్క పాట లేకపోతే, ఆ సంఘము ఇంకొక తరమునకు ఎట్లు నిలుస్తుంది? మనకున్న భయము పాప్ పాటను గూర్చి కాదు, మౌనమును గూర్చి.

మన ఖజానా ఏమీ తక్కువది కాదు. 1803లో పుట్టి 1833లో బాప్తిస్మము పొందిన పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమునకు వన్నె తెచ్చాయి. ఆయన మన రాగములలో, మన తాళములలో క్రీస్తును కీర్తించారు. సినిమానుండి వచ్చినంత మాత్రాన పాట చెడ్డది కాదు. 1978 నాటి 'కరుణామయుడు' చిత్రమునకు మోదుకూరి జాన్సన్‌గారు వ్రాసిన సిలువ గీతము, బాలసుబ్రహ్మణ్యంగారి గొంతులో, మన వారిని ఎంతగా కదిలించినదో మీకు తెలియును. ప్రతి డిసెంబరులో వచ్చే క్రొత్త తెలుగు పాటలను కూడా ఈ మూడు ప్రశ్నలతోనే తూచండి. ఊగించే దరువు ఉండి వాక్యము లేకపోతే, అది తెలుగైనను లాభము లేదు.

కనుక ఈ క్రిస్మస్‌కు మూడు పనులు చేయండి. పిల్లలు వింటున్న పాటను ఒకసారి వారి ప్రక్కన కూర్చొని పూర్తిగా వినండి, తరువాతనే మాట్లాడండి. ప్రతి కుటుంబము ఒక తెలుగు కీర్తనను అర్థముతో సహా కంఠస్థము చేయండి. చదువరాని పిల్లలకు ఇంగ్లీషు అక్షరములలో వ్రాసి ఇవ్వండి. క్రిస్మస్ ఆరాధనలో ఒక్క పాటకైనను యంత్రములన్నీ ఆపి, హార్మోనియము, తాళములతో సంఘమంతా పాడండి. ఇక్కడ మా పేటలలో చలిరాత్రులు క్యారల్స్‌కు తిరిగేటప్పుడు గొంతు బాగున్నదా లేదా అని ఎవరూ అడగరు. రావడమే అర్హత.

క్రీస్తు వాక్యము మనలో సమృద్ధిగా నివసింపవలెననియు, కీర్తనలతోను పాటలతోను ఒకరికొకరము బోధించుకొనవలెననియు పౌలు కొలొస్సయులకు వ్రాసిన మాట ఈ ప్రవాస దినములలో మీ ఇండ్లలో నెరవేరును గాక. చెట్లకు తగిలించిన సితారాలను మన పిల్లలే దింపి, మన చేతికి అందించుదురు గాక. పశువుల తొట్టెలో పండుకొన్న ప్రభువుకే మహిమ కలుగును గాక. ఆమేన్.

— ఒక సంఘ పెద్ద, యానాం