గవాక్షమునకు అనుజ్ఞ

జీర్ణమైన ఆలయమును ఉద్ధరింపబూనినవాడు ఎంతటి ధర్మకర్త యైనను, ఎంతటి ద్రవ్యము వెచ్చింప సిద్ధపడినవాడైనను, మొదటి ఇటుకను కదల్చుటకు ముందు గర్భగృహమునందలి దేవుని యెదుట నిలిచి అనుజ్ఞ వేడవలెనని మన ఆగమములు విధించినవి. పిమ్మట బాలాలయ మొకటి కల్పించి, మూలమూర్తి శక్తిని అందు ఆవాహన చేసి, పని ముగియువరకు అర్చనాదులను అచ్చటనే జరుపుదురు. యాదాద్రి లక్ష్మీనరసింహస్వామి ఆలయమును పునర్నిర్మించినప్పుడు 2016 మొదలు 2022 వరకు భక్తులకు దర్శనమైనది బాలాలయమునందే. ఆలయము దేవునిదే, బాగుచేయుటయు దేవునికొరకే; అట్లయ్యు అడిగి గాని చేయిపెట్టరాదనుటలో అంతరార్థ మేమి? పరుల సొమ్మును అడిగి ముట్టుట లోకమర్యాద. తనదనుకొన్నదానిని సైతము అడిగి ముట్టవలెననుట మర్యాదకు మించిన సంగతి. ఈ ప్రశ్నను ఆలయమునుండి కదల్చి, మంచుదేశమున కాపురముండు ఒక సామాన్య గృహస్థుని కిటికీవద్దకు కొనిపోదలచితిని; ఏలయన అచ్చట అది మరింత సూటిగా కనబడును.

అమెరికా ఉత్తరపుటంచున నున్న మిన్నెసోటా రాష్ట్రమున చలి యెట్టిదో టవర్ అను ఊరు 1996 ఫిబ్రవరి 2వ తేదీన లోకమునకు చూపినది. ఆనాడు అచ్చటి ఉష్ణమానము ఫారన్‌హీట్ కొలతలో సున్నకు 60 డిగ్రీలు దిగువకు పోయెను. అట్టి రాష్ట్రమున కిటికీలు చేయుట పెద్ద పరిశ్రమగా వర్ధిల్లుటలో వింత లేదు. హాన్స్ ఆండర్సన్ అను డేనిష్ వలసదారు 1903లో స్థాపించిన సంస్థ నేడు బేపోర్ట్‌లోను, 1912లో కలప వ్యాపారముతో మొదలైన మార్విన్ సంస్థ కెనడా సరిహద్దుననున్న వారోడ్‌లోను ఆ పనియే చేయుచున్నవి. మినియాపొలిస్ పరిసరములందు మన తెలుగువారును స్థిరపడిరి. మేపుల్ గ్రోవ్‌లోని హిందూ దేవాలయమునకు మంచును త్రొక్కుకొనుచు పోయివచ్చుచుందురు. వారిలో నొకడు పాత యిల్లు కొని, కిటికీ సందులనుండి చలిగాలి కొట్టుచుండగా, ఫర్నేసు రేయింబవళ్లు మ్రోగుచుండగా, గ్యాసు బిల్లు చూచి నిట్టూర్చి, క్రొత్త కిటికీలు పెట్టింపవలెనని నిశ్చయించుకొనును. అప్పుడు నగరపాలకులు పర్మిట్ తీసికొమ్మందురు. “గోడకు క్రొత్తగా కన్నము వేయుటలేదే, ఉన్న కిటికీనే మార్చుకొనుచున్నానే, నా యింటికి వీరి అనుమతి యేల?” యని అతడు నొచ్చుకొనును. దీనిని రుసుము కట్టలేనివాని సణుగుడని త్రోసివేయరాదు. స్వత్వ మనగా నేమి యను ప్రశ్న దీని గర్భమున నున్నది.

అతడు అంగడిలో ఏమి చూచి యేమి కొనునో ముందు విచారింతము. కిటికీగుండ వేడి యెంత వేగముగా బయటికి పోవునో తెలుపు సంఖ్యను యు-ఫ్యాక్టర్ అందురు. అది యెంత తక్కువయైన అంత మేలు. ఒంటి అద్దపు కిటికీకి అది ఇంచుమించు ఒకటి. రెండు పలకలైనచో సగమగును. ఆ పలకలపై కంటికి కానరాని లో-ఇ వెండిపూత పూసి, నడుమ ఆర్గాన్ వాయువు నింపినచో 0.30 ప్రాంతమునకు దిగును. మూడు పలకలైనచో 0.20 వరకును పోవచ్చును. అమెరికా ఉత్తరమండలమున, ఇంధనపు పొదుపునకు గుర్తైన ఎనర్జీ స్టార్ ముద్ర పొందుటకు 2023 అక్టోబరు నుండి అది సాధారణముగా 0.22కు మించరాదు. ఈ ఆర్గాన్ ఒక విచిత్రపదార్థము. మనము నిత్యము పీల్చు గాలిలో నూటికి ఒక పాలుకంటె కొంచెము తక్కువగా నుండియు దేనితోను కలియదు. వేడిని మోసికొని పోవుటయందు మందమగుటచేతనే మనకు ఉపకరించును. ఉదాసీనుని ఉపకారమునకు దృష్టాంతము వెదకెడి వేదాంతికి ఇంతకంటె తగినది దొరకదు. ఇక చట్రముల విషయము. వినైల్ చవక, కాని చలికి ముడుచుకొనుటలో, ఎండకు సాగుటలో అద్దముతో సమముగా నడువదు. ఫైబర్‌గ్లాస్ చాలవరకు అద్దమువలెనే సాగి ముడుచుకొనును. కొయ్య చేతికి ఇంపుగా నుండును గాని యజమానునినుండి రంగును, శ్రద్ధను ఏండ్లతరబడి కోరుచునే యుండును. దక్షిణదిశ కిటికీకి శీతకాలపు ఎండను లోనికి రానిచ్చు అద్దము తగును.

ఇదంతయు మీమాంసకుల పరిభాషలో కామ్యకర్మ. ఫలము కోరినవానికే అది విధి. బిల్లు తగ్గవలెనని గాని, కిటికీప్రక్కన హాయిగా కూర్చుండవలెనని గాని కోరనివానిని మూడు పలకలు కొనుమని నిర్బంధించు శాస్త్రము లేదు. పర్మిట్ అట్టిది కాదు. అది నిత్యకర్మ జాతికి చెందినది: చేసినందువలన ప్రత్యేకఫలము కనబడదు, చేయకున్న ప్రత్యవాయము కలదు.

ఆ పర్మిట్ వెనుకనున్న నియమావళి యేమని చెప్పుచున్నది? పడకగదిలో ఒక కిటికీ యైనను పూర్తిగా తెరచినప్పుడు 5.7 చదరపు అడుగుల ఖాళీ నీయవలెను. నేలమట్టపు గదికి 5 అడుగులు చాలును. ఆ ఖాళీ ఎత్తు 24 అంగుళములకును, వెడల్పు 20 అంగుళములకును తగ్గరాదు. దాని అడుగు గదినేలకు 44 అంగుళములకంటె ఎత్తున నుండరాదు. ఈ రెండు కనీసములను గైకొని 24 అంగుళముల ఎత్తు, 20 అంగుళముల వెడల్పు గల కిటికీ పెట్టించినవాడు మోసపోవును. గుణించి చూచినచో మూడు అడుగులపై మూడవవంతు మాత్రమే తేలును. వెడల్పు 20 అంగుళములే యైనచో ఎత్తు 41 అంగుళములకు కొంచెము మించి ఉండవలెను. ఈ కొలతలకు మూలము నిప్పు. నిద్రించువాడు పొగలో దారి తెలియక కిటికీనుండి బయటపడవలెను. లేదా వీపున గాలిసీసా కట్టుకొన్న అగ్నిమాపకభటుడు అందులోనుండి లోనికి దూరవలెను.

మీమాంసకులు వడ్లు దంచుటను గూర్చి చేసిన చర్చ నాకిచ్చట జ్ఞాపకము వచ్చుచున్నది. యాగమునకు బియ్యము కావలెను. వడ్లను గోళ్లతో ఒలిచినను బియ్యము వచ్చును. అయినను దంచియే తీయవలెనని వేదము నియమించినది. పొట్టు పోవుట దృష్టఫలము. దంచియే పొట్టు తీయుటవలన నియమాపూర్వ మను అదృష్టశక్తి పుట్టి, యాగఫలము సిద్ధించువరకు కనబడకయే నిలిచియుండునని వారి సిద్ధాంతము. పడకగది కిటికీకి వెలుతురు, గాలి దృష్టఫలములు. ఆ 5.7 అడుగుల ఖాళీ మాత్రము అపూర్వమువంటిది: ఇల్లున్నన్నాళ్లును అక్కరకు రాకుండ గడచిపోవచ్చును, లేదా ఏదో యొక రాత్రి క్షణకాలము ఫలింపవచ్చును. సామ్య మింతవరకే. శాస్త్రఫలము కర్తకే చెందునని మీమాంసాసూత్రకారుడైన జైమిని మతము. యజమానుడు చేసిన యాగము యజమానునికే స్వర్గ మిచ్చును. ఇచ్చటనో కర్త యొకడు, ఫలభోక్త మరియొకడు. కిటికీకి డబ్బిచ్చినవాడు ఇల్లమ్ముకొని మరియొక రాష్ట్రమునకు తరలిపోయి యుండవచ్చును. ఆ గదిలో పరుండినది అతడు పేరైన నెరుగని బిడ్డ కావచ్చును. ఆ బిడ్డ వచ్చి అడుగజాలదు గనుక, దాని తరఫున ముందుగా అడుగువాడు ఒకడుండవలసి వచ్చినది. పర్మిట్ నాకు తోచినంతలో ఇదియే: ఇంటికి ఇంకను రానివారి పక్షమున అడుగబడిన మాట.

యూదుల ధర్మశాస్త్రము ఈ మాటను మిక్కిలి ప్రాచీనకాలముననే పలికినది. క్రొత్త యిల్లు కట్టువాడు డాబాకు పిట్టగోడ కట్టవలెననియు, కట్టకపోగా ఎవడైన పడి మరణించినచో రక్తదోషము ఆ యింటిమీదికి వచ్చుననియు ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయమున నున్నది. పడినవాడు బంధువా, అతిథియా, దొంగయా యను విచారణ అందు లేదు. దోషము ఇంటిని అంటుననుటయే అందలి విశేషము. నేటి నియమావళిలో దీనికి వారసురాలనదగిన విధి యొకటి కలదు: బయటి నేలకు 72 అంగుళములకంటె ఎత్తుననుండి, లోపలి నేలకు 24 అంగుళములలోపు ఎత్తున తెరచుకొను కిటికీ, 4 అంగుళముల గోళము దూరునంతటి సందు ఈయరాదు. ఆ గోళము పాకెడు పసిబిడ్డకు ప్రతినిధి.

ఆక్షేపము లేకపోలేదు. చలికి కొరత లేని కెనడాలోని టొరంటో నగరమున పాత కొలతకు పాత కొలతగానే కిటికీ మార్చుకొనువానికి పర్మిట్ అక్కరలేదు. కన్నము పెంచినప్పుడే కావలెను. మినియాపొలిస్‌లో దోషమైనది సరిహద్దు దాటగనే దోషము కాకపోయినచో, అది ధర్మ మెట్లగును, దేశాచారము మాత్రమే కదా? నిజమే. అనుమతిపత్రము దేశాచారమే, దాని వెనుకనున్న అన్యుని హక్కు దేశాచారము కాదు. టొరంటోవాడు కాగితమునుండి విముక్తుడయ్యెను గాని, ఆ గదిలో పరుండబోవు బిడ్డనుండి కాడు. అనుజ్ఞను సమర్థించుటచేత అనుజ్ఞ యిచ్చు గుమాస్తాను నేను దేవతాపీఠమున కూర్చుండబెట్టుటలేదు. కిటికీ తెరచియైనను చూడక సంతకము పెట్టిపోవు ఇన్స్పెక్టరును, అర్థము తెలియక మంత్రము వల్లించు పురోహితుని ఒక్క పంక్తిలో కూర్చుండబెట్టుటకు నాకు అభ్యంతరము లేదు.

చట్టము తానై విడిచిపెట్టిన చోట్లును గలవు. అమెరికాలో ఇండ్లకు సీసము కలిసిన రంగులు వాడుట 1978లో నిషేధింపబడినది. అంతకు పూర్వపు కిటికీలు తెరచి మూయునప్పుడెల్ల రాపిడిచే విషధూళి రాల్చును; పెరికివేయునప్పుడు మరింత రాలును. అందుచే కూలి పుచ్చుకొని అట్టి యిండ్లలో పనిచేయువారు శిక్షణ పొందియుండవలెననియు, ధూళి పరవకుండ కట్టుదిట్టములు చేయవలెననియు కేంద్రప్రభుత్వపు పర్యావరణశాఖ విధించిన నియమము 2010 ఏప్రిల్ నుండి అమలగుచున్నది. తాను కాపురమున్న యింటిలో తానే చేసికొనువానికి అది వర్తింపదు. ధూళి మాత్రము యజమానుడు రేపినదా, కూలివాడు రేపినదా యని చూచి ప్రక్కింటి పెరటిలోనికి పోవుట మానదు.

మరియొక చిక్కును మన వంటయిల్లే తెచ్చిపెట్టును. అన్నము వార్చి, పప్పు ఉడికించి, చారు మరిగించు ఇంటిగాలిలో తేమ హెచ్చు. పాత కిటికీల సందులు ఆ తేమను తెలియకుండ బయటికి పంపుచుండెడివి. బిగువైన క్రొత్త కిటికీలు పెట్టిన తొలి శీతకాలమున అద్దము క్రిందిభాగమున నీరు పేరుకొనుట చూచి, అంగడివాడు మోసగించెనని గృహస్థు మండిపడును. తప్పు తరచుగా కిటికీది కాదు. పొయ్యిమీది ఫ్యాను వేయకపోవుటది. మూడు పలకల కిటికీలో లోపలి అద్దము వెచ్చగా నుండుటచే ఈ బాధ తగ్గును. ఏ పర్మిట్‌లోను ఇది వ్రాసియుండదు.

తుదకు, ఎంతవరకు మార్చవలెనను విచారణ. విగ్రహమున ఉపాంగము చెడినచో బాగుచేసికొనవచ్చుననియు, ప్రధానాంగము భిన్నమైనచో విడువవలెననియు జీర్ణోద్ధారవిధి భేదము చెప్పును. కిటికీపనివారిలోను ఇట్టి రెండు మార్గములు గలవు. పాత చట్రము గట్టిగానున్నచో అందులోనే క్రొత్త చట్రము నిముడ్చుదురు. అది పుచ్చిపోయినచో గోడవరకు సమస్తమును ఊడదీసి క్రొత్తది పెట్టుదురు. మొదటిది చవక, పనియు త్వరగా ముగియును. కాని చట్రములో చట్రము పట్టుటచే ఖాళీ తగ్గును. నియమావళి యిచ్చట కనికరము చూపినది: ఉన్న చట్రములో పట్టు ప్రామాణిక కొలతలలో అతిపెద్దదానిని, పాతదానికంటె తక్కువ తెరచుకొననిదానిని పెట్టినచో 5.7 అడుగులకు తగ్గినను అంగీకరించును. ఇది ఆపద్ధర్మము వంటి సడలింపు. వాడుకొనువానిని నేను తప్పుపట్టను. అయినను పైకి జరుపు డబుల్ హంగ్ కిటికీ ఎంత పెద్దదైనను సగమే తెరచుకొనును, తలుపువలె బయటికి తిరుగు కేస్‌మెంట్ దాదాపు పూర్తిగా తెరచుకొనును, మూసినప్పుడు గాలికి మరింత బిగువుగాను నుండును. కావున తక్కిన గదులకు గృహస్థు తన కంటికింపైనది తెచ్చుకొనవచ్చును గాని, పిల్లలు పరుండు గదికి మాత్రము, ఇన్స్పెక్టరు అడిగినను అడుగకున్నను, కేస్‌మెంట్ పెట్టించుట మేలని నా అభిప్రాయము.