దేవుడు క్షమిస్తే చాలునా?



ఒక సంఘటన ఊహించుకొందాం. క్రిస్మసుకు ముందు శనివారం సాయంత్రం. పొలం గట్టు తగాదాలో సొంత తమ్ముణ్ణి నలుగురిలో నానా మాటలు అన్న ఒక అన్న, గురువుగారి దగ్గర పాపసంకీర్తనం చేసుకొన్నాడు. మనస్ఫూర్తిగానే పశ్చాత్తాపపడ్డాడు. పాపవిమోచనం పొందాడు. గుండె తేలికపడింది. గుడి బయటికి వచ్చేసరికి వాకిట్లో ఆ తమ్ముడే ఎదురయ్యాడు. అన్న ముఖం తిప్పుకొని ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆ అన్నను అడిగితే ఏమంటాడు? "దేవుడే క్షమించాడు గదా, ఇంక వాడితో నాకు పనేమిటి?" అంటాడు. ఈ మాట మనలో చాలామంది పైకి అనకపోయినా లోపల అనుకొనేదే. ఇది సరైన మాటేనా? ఈ ప్రశ్నకు జవాబు వెదకటానికి మన ప్రభువు తన జనంతో కలిసి ఆచరించిన పండుగల దగ్గరకు ఒకసారి వెళ్ళి వద్దాం.

యూదుల పంచాంగంలో తిష్రీ నెల మనకు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వస్తుంది. లేవీయకాండం 23వ అధ్యాయం దీనిని ఏడవ నెలగా పేర్కొని, ఇందులో మూడు పండుగలు నియమించింది. మొదటి రోజు బూరలు ఊదే పండుగ. యూదులు దీనినే రోష్ హషానా అనే పేరుతో నూతన సంవత్సరంగా జరుపుకొంటారు. పదవ రోజు ప్రాయశ్చిత్త దినం, అంటే యోమ్ కిప్పూర్. పదునైదవ రోజున మొదలయ్యేది గుడారాల పండుగ, సుక్కోత్. ఇవన్నీ ఎక్కడో దూరదేశపు సంగతులు అనుకోకండి. మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే చిన్న తెలుగు సమాజం వారు కూడా యూదుల పండుగలు ఆచరిస్తున్నారు.

నూతన సంవత్సరం రోజున ప్రార్థనా మందిరాల్లో పొట్టేలు కొమ్ముతో చేసిన బూర ఊదుతారు. అబ్రహాము తన కుమారునికి బదులు బలి ఇచ్చిన పొట్టేలు అప్పుడు వారికి గుర్తుకు వస్తుంది. నిద్రపోతున్న మనస్సాక్షిని తట్టి లేపే పిలుపు అది. ఆ రోజు నుండి ప్రాయశ్చిత్త దినం వరకు పది రోజులు పశ్చాత్తాప దినాలు.

యెరూషలేము దేవాలయం ఉన్న రోజుల్లో ప్రధానార్చకుడు ఏడాదికి ఆ ఒక్క దినాన మాత్రమే తెర దాటి పరమ పవిత్ర స్థలంలోకి వెళ్ళేవాడు. రెండు మేకపోతులకు చీట్లు వేసి ఒకదానిని బలి ఇచ్చేవాడు. రెండవదాని తలమీద చేతులుంచి ప్రజల పాపాలు ఒప్పుకొన్నాక దానిని ఎడారికి తోలేవారు. క్రీస్తు ప్రభువు తన సొంత రక్తంతో ఒక్కసారే ఆ తెర దాటి వెళ్ళాడని హెబ్రీయుల లేఖ మనకు బోధిస్తుంది. ఇది మనకు తెలిసిన సంగతే.

మనం అంతగా పట్టించుకోనిది ఆ తరువాతి చరిత్ర. క్రీ.శ. 70లో రోమీయులు దేవాలయాన్ని నేలమట్టం చేశారు. ఇక బలిపీఠం లేదు, ప్రధానార్చకుడు లేడు, మేకపోతులు లేవు. అయినా యూదులు ఆ దినాన్ని విడిచిపెట్టలేదు. ఒక సాయంత్రం నుండి మరునాటి రాత్రి దాకా అన్నం, నీళ్ళు ముట్టకుండా ప్రార్థనలో గడుపుతారు. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే వారి ధర్మగ్రంథంలో ఈ దినం గురించి గట్టి బోధన ఉంది. మనిషి దేవుని పట్ల చేసిన పాపాలకు ఈ దినం ప్రాయశ్చిత్తం చేస్తుంది. కాని తోటి మనిషి పట్ల చేసిన పాపాలకు మాత్రం, ముందు ఆ మనిషిని సమాధానపరిస్తేనే గాని చేయదు. అందుకే ఆ రోజుల్లో యూదులు తాము నొప్పించినవారి దగ్గరకు వెళ్ళి క్షమాపణ అడుగుతారు.

పన్నెండవ శతాబ్దంలో మైమోనిడీస్ అనే యూద పండితుడు దీనిని ఇంకా వివరించాడు. దొంగిలించిన సొమ్ము తిరిగి ఇచ్చినంత మాత్రాన సరిపోదు, క్షమాపణ కూడా అడగాలి. అవతలివాడు ఒప్పుకోకపోతే ముగ్గురిని వెంటబెట్టుకొని మళ్ళీ వెళ్ళాలి. అలా మూడుసార్లు వెళ్ళినా కరగకపోతే అప్పుడు పాపం క్షమించనివాడిదే. మరి అవతలి మనిషి చనిపోయి ఉంటే? పదిమందిని తీసుకొని సమాధి దగ్గరకు వెళ్ళి అక్కడ తప్పు ఒప్పుకోవాలి. ఆలస్యం ఎంత బరువైనదో చూడండి!

ఇది యూదుల చట్టం, మనకెందుకు అంటారా? మన ప్రభువు కొండమీద చెప్పినది ఇదే గదా. బలిపీఠం దగ్గరకు వచ్చాక, నీ మీద సోదరునికి ఏదో మనస్తాపం ఉందని గుర్తుకు వస్తే కానుకను అక్కడే విడిచి వెళ్ళమన్నాడు. ముందు సమాధానం, ఆ తరువాతే కానుక. జక్కయ కూడా ప్రభువు ఎదుట కన్నీళ్ళతో సరిపెట్టుకోలేదు, అన్యాయంగా తీసుకొన్నది నాలుగంతలు ఇస్తానన్నాడు. పాపవిమోచనం పాపాన్ని తీసివేస్తుంది గాని పాపం చేసిన నష్టాన్నంతా పూడ్చదని, సొమ్ము తిరిగి ఇవ్వాలని, చెడగొట్టిన పేరును నిలబెట్టాలని మన కతోలిక సత్యోపదేశం కూడా నేర్పుతుంది.

అలాగైతే క్రీస్తు రక్తం చాలదా? చాలును. దేవుని క్షమాపణలో లోటు లేదు. కాని దేవుడు నా పాపం క్షమించినంత మాత్రాన తమ్ముడి గాయం మానిపోదు. నా పశ్చాత్తాపం నిజమైనదైతే అది నా కాళ్ళను తమ్ముడి గుమ్మం వైపు నడిపిస్తుంది. నడిపించకపోతే నేను కార్చిన కన్నీళ్ళు నా మనశ్శాంతి కోసమే.

ఈ విషయంలో శ్రీసభే మనకు దారి చూపింది. క్రైస్తవులు శతాబ్దాల తరబడి యూదులను హింసించారు. క్రీస్తు మరణ దోషాన్ని ఆ జాతి అంతటి మీద మోపారు. ఆ నింద తగదని రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న ప్రకటించింది. 2000 మార్చి 12న పునీత రెండవ జాన్ పాల్ పోపుగారు రోములో, దివ్యబలిపూజలో, శ్రీసభ బిడ్డల తప్పులకు దేవుని క్షమాపణ వేడుకొన్నారు. అక్కడితో ఊరుకోలేదు. రెండు వారాలకు, మార్చి 26న, 79 ఏళ్ళ వయసులో, తడబడే అడుగులతో యెరూషలేములోని పశ్చిమ గోడ దగ్గరకు నడిచి, క్షమాపణ ప్రార్థన రాసిన కాగితాన్ని ఆ రాళ్ళ మధ్య ఉంచారు. బలిపీఠం దగ్గర ఒప్పుకొన్న తప్పును, బాధపడినవారి గడప దగ్గర కూడా ఒప్పుకొన్నారు.

ప్రాయశ్చిత్త దినం గడిచిన ఐదు రోజులకే గుడారాల పండుగ. పంటలు ఇంటికి చేరిన సంతోషపు పండుగ అది. గట్టి ఇళ్ళున్నవారు కూడా ఏడు రోజులు కొమ్మలతో, ఆకులతో కప్పిన పాకలో భోంచేస్తారు. కప్పు సందుల్లోంచి నక్షత్రాలు కనబడేలా వేస్తారు. ఈ పండుగలో కొడుకులు, కూతుళ్ళతోపాటు దాసులు, పరదేశులు, అనాథలు, వితంతువులు కూడా సంతోషించాలని ద్వితీయోపదేశకాండం ఆజ్ఞ. ఈ పండుగ చివరి మహాదినాన్నే యేసుప్రభువు దేవాలయంలో నిలబడి, దప్పిగొన్నవారిని తన దగ్గరకు రమ్మని ఎలుగెత్తి పిలిచాడు.

పండుగల వరుస గమనించారా? ముందు మేలుకొలుపు, తరువాత సమాధానం, ఆ పైన సంతోషం. నడిమిది దాటవేసి చివరిదానికి వెళ్ళాలని చూస్తాం మనం. అందుకే మన పండుగ విందుల్లో కొన్ని పీటలు ఖాళీగా ఉంటాయి.

చుక్కలు కనబడే పాకలో కూర్చొన్నవాడికి పొలం గట్టు ఎంతపాటి? క్రిస్మసుకు మనమూ గడ్డితో పశువుల పాక కడతాం. ఈసారి అది కట్టే ముందు, మీరు నొప్పించిన మనిషి ఎవరో ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి. ఆ మనిషి ఇంకా బతికే ఉంటే మీరు అదృష్టవంతులు. సమాధి దగ్గరకు పదిమందిని తీసుకువెళ్ళనక్కర లేదు. ఒక్కరే లేచి ఆ గుమ్మం దాకా వెళ్ళండి.