కెఫ్కా అడిగిన ప్రశ్న

దుష్టుడైనవాడు అసత్యమునే పలుకవలెనను నియమమేదియు లేదు. లోకమునకు మహాపకారము తలపెట్టినవారిలో పెక్కురు తమ క్రౌర్యమునకు ఆలంబనముగా ఏదో యొక సత్యమునే చేతబట్టి వచ్చిరి. ఆ సత్యమును కాదనుటకు నోరాడక, వారి చేతలను ఔననుటకు మనసొప్పక, సజ్జనులు నిరుత్తరులై నిలిచిన సందర్భములు కొల్లలు. ఈ చిక్కుముడిని ఉపనిషద్భాష్యములలోను బౌద్ధుల వాదగ్రంథములలోను వెదకుటకు మనము అలవాటుపడితిమి గాని, 1994వ సంవత్సరము ఏప్రిల్ నెలలో జపాను దేశమందలి స్క్వేర్ సంస్థ సూపర్ ఫామికామ్ యంత్రము కొఱకు వెలువరించిన ఫైనల్ ఫాంటసీ ఆరవ భాగమను వీడియో గేము తుదిఘట్టమున, ఫైనల్ బాస్ ఎదుట ఆటగాడు తన బృందముతో నిలిచిన వేళ, అదే ముడి అంత బిగువుగాను ఎదురగునని ఎఱిగినవారు కొలదిమందియే. ఆటలు కాలక్షేపమునకే పుట్టినవని నమ్మువారు దీనిని ధర్మవిచారమునకు తగని విషయమని త్రోసివేయవచ్చును. నేను త్రోసివేయజాలను, ఏలయన కెఫ్కా అను ఆ ప్రతినాయకుడు వేయు ప్రశ్నకు సమాధానము దొరకక బ్రతుకునందు రుచి కోల్పోయిన యువకులు మన చుట్టును ఉన్నారు.

మొదట వాని కథ కొంత చెప్పవలెను. గెస్టాల్ చక్రవర్తి ఆస్థానమున సిడ్ అను శాస్త్రజ్ఞుడు మానవ దేహములోనికి మంత్రశక్తిని ఎక్కించు ప్రక్రియనొకదానిని కనిపెట్టి, అది ఇంకను పరిపక్వము కాకమునుపే మొట్టమొదట కెఫ్కామీద ప్రయోగించెను. శక్తి అబ్బినది, మతి చెడినది. డోమా కోటను ముట్టడించిన నాడు కెఫ్కా, యుద్ధముచేయు ఓపికయైనను లేక, నదిలో విషము కలిపి లోపలనున్న స్త్రీలను శిశువులను సైతము చంపించెను. పిదప తాను కొలిచిన చక్రవర్తినే హతమార్చి, లోకపు తూకమును నిలుపుచుండిన మూడు దేవతాశిలలను వాని స్థానములనుండి కదలించి, భూమిని ముక్కలుచేసెను. ఇట్టి ఆటలలో సామాన్యముగా కథానాయకులు ఆ ఘోరము జరుగకమునుపే అడ్డుపడుదురు. ఇందు మాత్రము కథ సగమగుసరికే ప్రతినాయకుడు గెలిచినాడు. తరువాతి సగమంతయు శిథిలలోకము. కెఫ్కా ఒక గోపురము కట్టుకొని, తన్ను కాదన్న ఊళ్లమీదికి అందుండి దండనజ్యోతిని ప్రసరింపజేయుచు దేవుడై కూర్చుండును.

అట్టివాని యొద్దకు ఆటగాడు తనవారిని మూడు బృందములుగా చీల్చి గోపురమెక్కి చేరినప్పుడు, వాడు ఆయుధము నెత్తకమునుపు ప్రశ్న నెత్తును. కట్టినది కూలుననియు పుట్టినది గిట్టుననియు తెలిసియుండి, మరల కట్టుటయేల, ఈ ప్రాణమును పట్టుకొని వ్రేలాడుటయేల, అని వాని ప్రశ్నకు తాత్పర్యము. నిజము చెప్పవలెనన్న, ఈ ప్రశ్నలోని పూర్వార్ధము మన ఆచార్యులెవ్వరును నిరాకరింపనిది. సంఘటితమైన ప్రతి వస్తువును అనిత్యమని తథాగతుడు బోధించెను. దృశ్యమైనదెల్ల నశ్వరమని వేదాంతులు ఘోషించిరి. అట్లయిన, రోగి పడక చుట్టును చేరినవారికి ధైర్యము చెప్పు వైరాగ్యమునకును, ఊరికి నిప్పుపెట్టు ఈ నాశబుద్ధికిని మూలసూత్రము ఒక్కటియేనా? ఒక్కటియే యైనచో, ఫలములింత విరుద్ధములగుట యెట్లు?

ఇచ్చట నాకు కఠోపనిషత్తులోని నచికేతుడు జ్ఞప్తికి వచ్చును. యముడు ఆ బాలునికి శతాయుష్మంతులైన పుత్రపౌత్రులను, పశువులను, ఏనుగులను, బంగారమును, విశాలమైన భూమిని, రథములతోను వాద్యములతోను కూడిన దివ్యాంగనలను, కోరినన్ని సంవత్సరముల ఆయువును ఇచ్చెదనన్నప్పుడు, ఇవియన్నియు రేపటికి నిలుచునవి కావని నచికేతుడు త్రిప్పిపంపెను. కెఫ్కా చెప్పునదియు అక్షరాల ఇదియే. అయినను నచికేతుడు త్రోసివేసినది తనకు రానున్న భోగమును. కెఫ్కా చెఱుపునది పరులకున్న యింటిని. మఱియొక విశేషమును మన వ్యాఖ్యాతలు తగినంతగా పట్టించుకొనలేదని నా అభిప్రాయము. ఆ బాలుడు మూడు వరములలో మొదటిదానిగా కోరినది ఆత్మవిద్య కాదు, స్వర్గసాధనమగు అగ్నిరహస్యమును కాదు. కోపమున తన్ను మృత్యువునకు ఇచ్చివేసిన తండ్రి మనస్సు శాంతించి, తాను మరలివచ్చినప్పుడు గుర్తించి ప్రీతితో పలుకరింపవలెనని కోరినాడు. సమస్తమును అనిత్యమని యెఱిగినవాడు, యముని వాకిట మూడు రాత్రులు ఉపవసించినవాడు, ఇంటిలోని యొక వృద్ధుని కలతను అన్నిటికంటె ముందు తలచెను. అనిత్యత్వజ్ఞానము పండినదా పులిసినదా అని పరీక్షించుటకు ఇంతకుమించిన గీటురాయి నాకు తెలియదు.

భగవద్గీత పదునాఱవ అధ్యాయమున ఆసుర ప్రకృతిగలవారిని వర్ణించుచు, జగత్తునకు సత్యము గాని ఆధారము గాని ఈశ్వరుడు గాని లేడని వారు తలంతురనియు, ఆ దృష్టినే పట్టుకొని ఉగ్రకర్ములై లోకక్షయమునకు పుట్టుదురనియు చెప్పబడినది. కెఫ్కా పాత్రను కల్పించినవారు గీతను చదివి కల్పించిరని నేననను. అట్టి సంబంధమును అంటగట్టుట అనవసరము. మనుష్యుని చిత్తము ఒకే పెడదారిని పట్టినప్పుడు దానిని శ్రద్ధగా చూచినవారికి, ఏ దేశమందైనను, ఒకే రూపము కనబడుట సహజమని మాత్రము అందును. బుద్ధుడు శాశ్వతవాదమును విడిచినట్లే ఉచ్ఛేదవాదమును విడిచెను. అంతయు నశించును గనుక చేసినదానికి ఫలము లేదు, విలువ లేదు అను నిర్ణయము ఆయనకు జ్ఞానముగా తోపలేదు.

కాని గేమును గూర్చి వ్రాయుచున్నప్పుడు సిద్ధాంతముతో ఆగిపోరాదు. ఆటగాడు చేతితో చేసినదేమో చూడవలెను. లోకము ముక్కలైన యొక సంవత్సరమునకు సెలీస్ అను యువతి ఒక చిన్న దీవిలో మేల్కొనును. ఆమెయు బాల్యముననే కెఫ్కావలె మంత్రశక్తి నెక్కించుకొన్నదే. ప్రక్కనున్నది సిడ్ ఒక్కడు, వృద్ధుడు, రోగి. ఆటగాడు సముద్రపుటొడ్డునకు పోయి చేపలను పట్టితెచ్చి అతనికి పెట్టవలెను. చురుకుగా ఈదు చేప అతనికి ఆరోగ్యము నిచ్చును. మందముగా కదలునది రోగమును పెంచును. ఆ తేడాను ఆట ఎక్కడను చాటి చెప్పదు. నీటిలోనికి పరికించి చూచినవానికే తెలియును. తొందరపడి చేతికందినదానిని పట్టితెచ్చిన సిడ్ మరణించును; సెలీస్ నిరాశతో కొండకొమ్ముననుండి దూకును; అయినను చావక ఒడ్డున మేల్కొనును; ప్రక్కన వ్రాలిన యొక పక్షి గాయమునకు లాక్ అను మిత్రుని తలగుడ్డ కట్టబడియుండుట చూచును. అతడు బ్రతికియున్నాడు గాబోలునను ఆ యొక్క ఆశతో ఆమె తెప్పనెక్కి బయలుదేరును. కెఫ్కా గోపురమున అడుగబోవు ప్రశ్నకు ప్రత్యుత్తరము ఈ దీవిలోనే మొదలైనదని నా నిశ్చయము. ఎట్లును చావనున్న ముదుసలికి మంచి చేపనే ఏరి తెచ్చుటలో అర్థమున్నదా లేదా అని తేల్చుకొనవలసినది అక్కడ. ఖడ్గముతో తేలునది కాదది.

మాబ్లిజ్ గ్రామమున టెర్రా విషయమును ఇట్టిదే. మనుష్యస్త్రీకిని ఎస్పర్ అను దివ్యజాతి పురుషునికిని పుట్టిన ఈమె తలకు కెఫ్కా ఒకనాడు దాస్యకిరీటమును తొడిగి, తన మనస్సు తనకు లేకుండ చేసి, యుద్ధములలో వాడుకొనెను. ప్రేమయన ఏమో తెలియదని ఆమె కథ పొడవునను బాధపడుచుండెను. దండనజ్యోతికి పెద్దలందఱును బలియైన ఆ గ్రామమున పిల్లలు ఆమెను అమ్మాయని పిలువసాగిన పిదప, ఆమెకు పోరాడు శక్తి ఉడిగిపోయినది. ఆటగాడు ఆశతో పోయి రమ్మనిన రాదు. భూతమొకటి ఊరిమీద రెండవమాఱు పడి, ఆ పిల్లలకు హాని మూడబోవు క్షణమున గాని ఆమెకు తన బలము మరల దొరకదు. అప్పుడు దొరికిన బలము తొల్లిటిది కాదు. అది పరుల ఆజ్ఞకు కట్టుబడినది, ఇది తన మమతకు కట్టుబడినది.

ఈ మిత్రులందఱిని కూర్చుకొమ్మని ఆట శాసింపకపోవుట మిక్కిలి విచారణీయము. సెలీస్, ఎడ్గార్, సెట్జర్ అను ముగ్గురు దొరకి, సెట్జర్ తన మృతమిత్రురాలి సమాధినుండి ఫాల్కన్ అను విమానమును పైకి తెచ్చిన వెంటనే, ఆటగాడు నేరుగా గోపురమునకు పోవచ్చును. పదునలుగురు సహచరులలో మిగిలినవారు శిథిలలోకమున ఎవరి దుఃఖములో వారుండి, వెదకినవానికే దొరకుదురు. అక్కఱలేనివారిని వెదకుటయే ఈ గేము రెండవ సగమునకు ప్రాణము. ప్రయోజనమునకు మించి చేయబడిన ఈ యన్వేషణయే, ఏదియు దేనికిని పనికిరాదను కెఫ్కా వాదమునకు, వానిని చూడకమునుపే ఆటగాడిచ్చిన జవాబు.

యుద్ధసన్నాహములోను ఈ భావమే కనబడుచున్నది. నార్ష్ పట్టణమున లభించు శాపగ్రస్తమైన డాలు, ధరించినవానికి చిత్తభ్రమను, మౌనమును, మరణపు గడువును తెచ్చిపెట్టును, బలమును హరించును. దానినే విడువక 256 యుద్ధములలో మోసినవానికి శాపము తొలగి, అది ఆటలోకెల్ల శ్రేష్ఠమైన రక్షణగా మాఱును. లెవెల్ పెంచుకొనుట యొక తంతుగా మాత్రమే చేయువారికి ఇది విసుగు. నాకు మాత్రము తపస్సను మాట ఇచ్చట చెల్లుననిపించును. ఇక తుదిపోరు నాలుగంచెలుగా సాగును. పన్నెండుగురు వరుసకట్టి నిలువగా నలుగురు ముందు పోరాడుదురు. అంచె మాఱునపుడు పడిపోయినవారి స్థానమున వెనుకవారు వత్తురు. మూడవ అంచెలోని మూర్తులు మైకెలాంజెలో చెక్కిన పియెటా శిల్పమును స్మరింపజేయును. నోబువో ఉఎమాత్సు కూర్చిన, సుమారు 17 నిమిషముల వాద్యసంగీతము క్రైస్తవాలయములలోని ఆర్గన్ ధ్వనితో మ్రోగుచుండును. పిదప ఱెక్కలు ధరించి దేవతవలె దిగివచ్చు కెఫ్కాకు 62,000 ప్రాణాంకములు. హార్ట్‌లెస్ ఏంజెల్ అను వాని అస్త్రము ఎవ్వరిని చంపదు. నలుగురి ప్రాణమును ఒకేసారి ఒక్క అంకమునకు దించి విడుచును. అంతవఱకు గడించిన బలమంతయు శూన్యమని చూపుటయే దాని పని. ఆ మరుక్షణమున ఆటగాడు కత్తిని కాక చికిత్సను ఎంచుకొన్నచో అందఱును నిలుతురు; కోపముతో కత్తిని ఎంచుకొన్నచో, తరువాతి దెబ్బకు అందఱును కూలుదురు.

వాని ప్రశ్నకు మిత్రులు నోటితో చెప్పు ఉత్తరములు గంభీరములు కావు. ఒకడు తన అన్నను, ఒకడు తన మిత్రురాలి నౌకను, విషమునకు భార్యాపుత్రులను కోల్పోయిన సయన్ తనలో ఇంకను జీవించియున్న ఆ యిద్దఱిని పేర్కొందురు. జీవితఫలము తుదనున్నది కాదు, దినదినమును కాపాడుకొను చిన్న చిన్న మమతలలో నున్నదని టెర్రా భావము. ఈ మాటలు సామాన్యములని కెఫ్కా ఎగతాళిచేయును. సామాన్యములే, సయన్ నోట వచ్చినప్పుడు మాత్రము వానికి వెల తెలిసినవాడు పలికినట్లుండును.

ఈ రచనలో నాకు నచ్చని దొక్కటి కలదు. కెఫ్కా మతి చెడుట వాని అపరాధము కాదు. సిడ్ చేసిన పని యది. అదే సిడ్‌ను సెలీస్ తాతవలె ప్రేమించి, చేపలు తెచ్చి బ్రతికింపజూచినది. అతని చేతిలో చెడినవానికి మాత్రము కథలో ఒక్క కరుణవాక్యము దక్కలేదు. వానిని ఆపవలసినదే, ఊళ్లు కాలుచుండగా తత్త్వవిచారమునకు కూర్చుండరాదు. అయినను, చంపక తప్పనివానియందు సైతము దయ యుంచుట ధర్మమని నమ్మినవాడను గనుక, ఆ దయ లేకపోవుటను లోపముగానే పరిగణించుచున్నాను.

కెఫ్కా నశించినప్పుడు లోకమునుండి మంత్రశక్తి యావత్తు అంతరించును. సగము ఎస్పర్ అయిన టెర్రా సైతము అంతరింపవలసినదే. ఆమెలోని మానుషభాగమునకు ఈ లోకమునందేదియో గాఢముగా ప్రియమైనది యున్నచో ఆమె మిగులునని ముందుగనే చెప్పబడినది, మిగిలినది.

ఈ గేమును క్రొత్తగా చేతబట్టు పిల్లలకు నా మనవి యొక్కటే. ముగ్గురితోనే గెలువవచ్చునని మీకెవరైనను చెప్పుదురు. ఆ మాట నిజమే. అయినను గోపురమునకు పోవుటకు త్వరపడక, మొదట మాబ్లిజ్‌కు పొండు. అందఱిని వెదకి కూర్చుకొనిన పిదపనే ఎక్కుడు.