ముందు మందు, తర్వాత పాట

క్యాన్సర్‌తో మంచం పట్టిన మనిషి దగ్గర పాట పాడటం ధమ్మానికి తగిన పనేనా? గీదంలో మేము కూడుకున్నప్పుడు ఒక ఉపాసకుడు ఈ ప్రశ్న అడిగారు. అష్టశీలాలలో పాటను, వాద్యాన్ని విడిచిపెట్టమనే నియమం ఉంది కదా అన్నది ఆయన సందేహం.

ఆ నియమం ఉపోసథ దినాన మన ఇంద్రియాలను మనం అదుపులో ఉంచుకోవడానికే. నొప్పిలో ఉన్నవారికి పాటను దూరం చేయడానికి కాదు. సక్కపఞ్హ సుత్తంలో పంచశిఖుడు వీణ మీటుతూ పాడితే, గొంతూ తీగా చక్కగా కలిశాయని తథాగతుడు మెచ్చుకున్నాడు.

అసలు ప్రశ్న వేరే ఉంది. గీదం దగ్గరి పల్లెలో ఒక తల్లిని చూడబోయాం. భోపాలపట్నం వైపు నుంచి వచ్చిన తెలుగు కుటుంబం. రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకింది. మేము సెల్‌ఫోన్‌లో బుద్ధ వందన పెట్టాం. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. ఇంట్లో మార్ఫిన్ బిళ్ల ఒక్కటీ లేదు. ఆ రోజు మేము చేసింది సేవ కాదు, మా తృప్తి కోసం చేసిన పని.

కొడుకు రాయపూర్ వెళ్లి మందు తెచ్చాక మళ్లీ వెళ్లాం. ఈసారి ఏ పాట కావాలమ్మా అని అడిగాం. ఆమె చిన్ననాటి నాట్ల పాట తానే అందుకుంది. తెలుగు రాని పక్కింటి గోండు ఆడవాళ్లు చప్పట్లతో తాళం వేశారు.

సల్ల సుత్తం రెండు బాణాల గురించి చెబుతుంది. శరీరపు నొప్పి మొదటిది. దాని చుట్టూ పెరిగే దిగులు రెండోది. సంగీతం ఎక్కువగా రెండోదాన్నే సడలిస్తుంది. కొక్రేన్ సంస్థ 2021లో 81 పరిశోధనలను కలిపి చూసి, సంగీతం క్యాన్సర్ రోగుల ఆందోళనను, కొంత నొప్పిని, అలసటను తగ్గించవచ్చని చెప్పింది. గడ్డ కరుగుతుందని చెప్పలేదు. కరుగుతుందనేవారు తాయెత్తు కట్టేవారికి భిన్నం కాదు. 1956లో నాగపూర్‌లో బాబాసాహెబ్ మన చేత వదిలించింది అలాంటి భ్రమలనే.

అతిసారంతో మలమూత్రాల్లో పడివున్న భిక్షువును తథాగతుడు ఆనందుడితో కలిసి ముందు కడిగాడు, మంచం మీద పడుకోబెట్టాడు. ఉపదేశం ఆ తర్వాతే. ఆ వరస మనకూ వర్తిస్తుంది. మార్ఫిన్ రోగులకు సులువుగా అందాలనే పార్లమెంటు 2014లో మత్తుమందుల చట్టాన్ని సవరించింది. చట్టం కాగితం మీద మారితే చాలదు, బిళ్ల పల్లెకు చేరాలి. అడవి మనుషులకు ఓర్పు ఎక్కువ, పాటతో సరిపెట్టుకుంటారు అనడం కరుణ కాదు, చేతులు దులుపుకోవడం.

కాబట్టి రోగి ఇంటి గడప తొక్కినప్పుడు మూడు మాటలు అడుగుదాం. నొప్పికి మందు ఉందా? పాట కావాలా, మౌనం కావాలా? పాటైతే ఏ పాట? మొదటిదానికే లేదన్న జవాబు వస్తే, పాట పక్కనపెట్టి మందు కోసం తిరుగుదాం. ఆ తిరుగుడు కూడా ధమ్మాచరణే.