ఊపిరికో వేళ, పుట్టుకకో వేళ

ముక్కు లేదు, ఊపిరితిత్తులు లేవు, నెత్తురు లేదు. ఉన్నదల్లా ఒక్క కణం. పక్కపక్కన రెండువందలు పేర్చితే గాని ఒక మిల్లీమీటరు నిండదు. రొట్టెను పొంగించే ఈస్టు అది. ఆ కాస్త ఒంటిలోనే ఆకలి ఉంది, ఊపిరి ఉంది, కానుపు ఉంది. ఒక్కో పనికి ఒక్కో వేళ ఉంది. ఆ వేళాపాళా తెలిసేకొద్దీ దానికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

చక్కెర దొరికిందా, ఈస్టు రెండు దారుల్లో బతకగలదు. గాలితో పని లేకుండా పులియబెట్టుకుంటే ఒక్కో గ్లూకోజు అణువుకు నికరంగా దక్కేది రెండే ఏటీపీ అణువులు. ఆక్సిజన్ సాయంతో, మైటోకాండ్రియాలో ఆఖరి కణికదాకా దహించుకుంటే అంతకు ఎన్నో రెట్లు దక్కుతాయి. బతుకు ఖర్చులన్నిటికీ చెల్లే ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో వెలికితీసినవారిలో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు, సైరస్ ఫిస్కే మరొకరు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని కనుగొన్నాడు. వాళ్లకది కండరంలో దొరికింది. కండరమే లేని ఈస్టునూ నడిపించేది అదే! ఏనుగుకూ ఈస్టుకూ ఒకటే శక్తి నాణెం కావడం కన్నా గొప్ప చుట్టరికం ఏముంటుంది?

ఆ ఏటీపీని కూర్చే ఎంజైము మైటోకాండ్రియా లోపొరలో కుదురుకుని నిజంగానే గిర్రున తిరుగుతుంది. 1997లో జపాన్ శాస్త్రవేత్తలు అలాంటి ఎంజైము ఇరుసుకు సన్నటి ప్రోటీను పోగు తగిలించి, ఆ పోగు తిరగడాన్ని సూక్ష్మదర్శినిలో కళ్లారా చూశారు. శ్వాస అంటే లోపల ఇంత భ్రమణం!

ఇక ఆ శ్వాసకున్న లయ చూడండి. 2005లో అమెరికాలోని డల్లాస్‌లో బెంజమిన్ టూ, స్టీవెన్ మెక్‌నైట్ బృందం ఈస్టును కొంతసేపు పస్తుంచి, ఆ తర్వాత చక్కెరను కొద్దికొద్దిగా, ఆగకుండా అందించింది. అప్పుడు పాత్రలోని అసంఖ్యాక కణాలు ఒక్క ప్రాణిలా ఊపిరి తీయడం మొదలుపెట్టాయి. నాలుగైదు గంటలకొకసారి ద్రవంలోని ఆక్సిజన్ చప్పున పడిపోయేది, మళ్లీ పుంజుకునేది. దాదాపు ఆరువేల జన్యువుల్లో సగానికి పైగా ఆ లయకే లేచాయి, ఆ లయకే అణిగాయి. మొదటి ఘట్టంలో కణం ఆక్సిజన్‌ను ఆబగా తాగుతూ, ప్రోటీన్లు అల్లే రైబోజోములకు కావలసినవన్నీ సిద్ధం చేసుకుంటుంది. రెండో ఘట్టంలో ఊపిరి నెమ్మదిస్తుంది. డీఎన్ఏ ప్రతి రాసుకోవడం అప్పుడే! మూడో ఘట్టంలో పాతవాటిని విడదీసుకుని, తర్వాతి ఆవృత్తికి శక్తి కూడబెట్టుకుంటుంది.

ఆ రాతకు ఊపిరి నెమ్మదించే వేళే ఎందుకు? ఆక్సిజన్‌తో దహనం సాగేచోట డీఎన్ఏను గాయపరిచే చురుకైన అణువులు కూడా పుడతాయి. 2007లో ఆ బృందమే కట్టుబాటు తప్పిన ఉత్పరివర్తిత కణాలను పరిశీలించింది. శ్వాస ఉధృతంగా ఉన్నప్పుడే డీఎన్ఏను నకలు చేసుకున్న కణాల్లో జన్యుదోషాలు పెరిగాయి. వంశానికి అందించాల్సిన రాతను మంట చల్లారాకే రాయాలన్న నియమం మెదడన్నదే లేని ఈ జీవికి ఎంత బాగా అబ్బింది!

చక్కెర సమృద్ధిగా ఉంటే ఈస్టు ఎక్కువగా పులియబెట్టుకుంటూనే గంటన్నరకొకసారి రెట్టింపవుతుంది. దాని వివేకమంతా బయటపడేది కరువులోనే. మిగిలిన చక్కెరను ట్రెహలోజుగా, గ్లైకోజెన్‌గా మార్చి గాదెలో ధాన్యంలా దాచుకుంటుంది. విభజన వేళ రాగానే ఆ నిల్వ కరుగుతుంది. ట్రెహలోజును చక్కెరగా విడగొట్టే ఎంజైమును తట్టిలేపేది, విభజనకు ఆనతిచ్చే సీడీకే1 అనే ప్రోటీనే. పని పురమాయించినవారే తిండీ సమకూర్చే ఇంత మంచి యాజమాన్యం ఎక్కడుంది?

కణాలు గుంపుగా ఉన్నందువల్లే ఈ లయ అనుకోవడానికీ వీల్లేదు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు కణాలను ఒక్కొక్కటిగా గమనించి, శక్తి వినియోగపు తాళం ఒంటరి కణంలోనూ సాగుతుందని 2017లో ప్రకటించారు. విభజన జరగకపోయినా ఆ తాళం ఆగదు. విభజన వచ్చి దానితో జతకలుస్తుందంతే.

అన్నిటికన్నా నన్ను కరిగించేది మొగ్గతొడిగే ఘట్టం. తల్లికణం పక్కన చిన్న మొగ్గ లేస్తుంది. మైటోకాండ్రియాను ఏ కణమూ శూన్యంలోంచి పుట్టించుకోలేదు. ఉన్నదాన్ని పెంచి పంచుకోవలసిందే. అందుకే తల్లి తన మైటోకాండ్రియాలో కొంత భాగాన్ని మొగ్గలోకి పంపుతుంది. పిల్లకణం విడిపోయాక తల్లి గోడ మీద ఒక మచ్చ మిగులుతుంది. ఆ మచ్చలు లెక్కపెట్టి తల్లి ఎన్ని కాన్పులు చూసిందో చెప్పవచ్చు.

కంటికానని జీవమని దీన్ని తేలిగ్గా చూడకండి. 1987లో మెలనీ లీ, పాల్ నర్స్ మనిషి జన్యువుల్లోంచి ఒకదాన్ని మరో జాతి ఈస్టులో ప్రవేశపెట్టారు. విభజనను నడిపే సొంత జన్యువు చెడిపోయిన ఈస్టు అది. మన జన్యువుతో అది మళ్లీ చక్కగా విభజన చెందింది.